జవాబు డబ్బా

మా అత్తమ్మ పోయింది. పోయిన నెల ఒకరోజు, పంజాగుట్టలోని ఆఫీసుకు పంపే భోజనాలను ఆటో ఎక్కించి, చేతులు కడుక్కుని, వంటింట్లో బియ్యం బస్తా మీద కూర్చుంది. "జర మంచినీళ్లియ్యి బిడ్డా" అంది. నేను గ్లాసుతో వచ్చేసరికి గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. అలసిపోయి కునుకు తీస్తోందనుకున్నాను.

అక్కడ ఆఫీసులో ఆమె వండిన అన్నం తింటున్న వేళకు ఇక్కడ ఆమె లేదు. ఈ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కోచింగులు చదివినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, బహుశా ఆమె చేతి పప్పు తినే ఉంటారు. ఆమెను చూసి మాత్రం ఉండరు. సందు చివర మా ఇంటి కింది భాగమే ఆ హాస్టళ్లకు భోజనాలు పంపే మా వంటశాల. కొంగు నడుముకు దోపుకుని పొయ్యి ముందు నిలబడితే, వంట దిగేదాకా కూర్చునేది కాదు. కూర కలిపాక గంటెను గంజు గిన్నె అంచుకు రెండుసార్లు తట్టేది. ఆ చప్పుడు వినబడితే కూర అయినట్టే. ఉప్పు చూడమని నా అరచేతిలో వేసేది గాని, బాగుందంటే నమ్మేది కాదు. "నీకు మంచిగుంటే సరిపోతదా? పరాయోళ్ల నోటికి వండుతున్నం" అనేది.

ఆమెకు ఒక పట్టుదల ఉండేది. రోజూ వండిన ప్రతిదాంట్లోంచి కొంత తీసి ఒక గుండ్రటి స్టీలు డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేది. దాన్ని జవాబు డబ్బా అనేది. మర్నాడు పొద్దున పొయ్యి వెలిగించే ముందు నన్నడిగేది: "ఎవలన్న ఫోన్ చేసిండ్రా?" లేదత్తమ్మా అంటే డబ్బా తెరిచి, ఒక్క ముద్ద కలుపుకుని తినేది. మిగిలింది పారేసి, డబ్బా తోమి బోర్లించేది. "ఇగ నిన్నటి పని ఒడిసింది" అని అప్పుడు అగ్గిపెట్టె అందుకునేది.

పెళ్లయి వచ్చిన కొత్తలో ఇదంతా చాదస్తం అనుకున్నాను. తర్వాత తనే చెప్పింది. మా మామయ్య మగ్గం మానేసి, వాళ్ల ఊళ్లో పెళ్లిళ్లకు వంటలు చేసేవాడట. ఒక పెళ్లిలో భోజనాలయ్యాక జనానికి వాంతులు పట్టుకున్నాయి. వంటలో తప్పుందో, ఎవరో తెచ్చి పోసిన మజ్జిగలో ఉందో తేలలేదు. నింద మాత్రం ఆయన మీద పడింది. "గిన్నెలన్నీ కడిగేసినం బిడ్డా. చూపిద్దామంటే ఒక్క మెతుకు లేకపాయె" అంది. ఆయన మళ్లీ గంటె పట్టలేదు. ఇక్కడికొచ్చి, సనత్‌నగర్ ఫ్యాక్టరీలో పని చేస్తూనే పోయాడు. గంటె ఆమె అందుకుంది.

నిరుడు ఆఫీసువాళ్లు ఫుడ్ లైసెన్స్ ఉంటేనే ఆర్డరు ఇస్తామన్నారు. అత్తమ్మ పేరు మీద దరఖాస్తు పెట్టాం. నీళ్లు పరీక్ష చేయించాం, అందరం డాక్టరు సర్టిఫికెట్లు తెచ్చుకున్నాం. తనిఖీకి ఫుడ్ ఆఫీసరు వచ్చే రోజు ఆమె హడావిడి చూడాలి! బగారా అన్నం, దాల్చా, గుత్తొంకాయ. లైసెన్స్ అంటే ఎవరో పెద్దమనిషి వచ్చి, తిని, బాగుందని రాసిచ్చి పోతాడని ఆమె నమ్మకం.

ఆయన మోరీలో మురుగు సరిగ్గా పోతోందా అని చూశాడు, నీళ్ల ట్యాంకు చూశాడు, ఉల్లిగడ్డ బస్తాల కింద చెక్కలు వేయమన్నాడు. ఫ్రిజ్ తెరిచి, "ఇదేంటమ్మా? నిన్నటి ఫుడ్డు ఉంచకూడదు కదా" అన్నాడు.

"అమ్మేటందుకు గాదు సార్. రేపు ఎవలన్న అడిగితే జవాబు చెప్పేటందుకు."

ఆయన తలూపాడు. "మంచిదే. పెద్ద కేటరింగుల్లో కూడా శాంపిల్ తీసిపెడతారు. తేదీ వేసి, అమ్మకానికి కాదని చీటీ అంటించండి. మర్నాడు తీసెయ్యాలి, అంతే" అన్నాడు. భోజనం మాత్రం ముట్టలేదు. డ్యూటీలో తినకూడదన్నాడు.

లైసెన్స్ వచ్చింది. ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తే అత్తమ్మ ఎగాదిగా చూసి, "మోరీ పాసయింది. నా వంట కాలే. నాలిక మీద మెతుకు వెయ్యకుండ గిదేం లైసెన్సే!" అంది. నవ్వలేక చచ్చాను.

చివరి రోజు డబ్బా కూడా ఆమే సర్దింది. అన్నం, పాలకూర పప్పు, ఆలుగడ్డ కూర. చీటీ నా చేత్తో రాశాను. మర్నాడు ఫోన్ వచ్చిందా అని అడిగేవాళ్లు లేరు, ముద్ద తినేవాళ్లు లేరు. దినాల హడావిడిలో నేనే దాన్ని పైన ఫ్రీజర్‌లోకి నెట్టాను. పారేయడానికి చేతులు రాలేదు.

మళ్లీ పొయ్యి వెలిగించాక మొదలైంది. పొద్దున తాళం తీస్తుంటే లోపల గంటె తట్టిన చప్పుడు. నా భ్రమే అనుకున్నాను. కూరగాయలు తరగడానికి బోరబండ నుంచి వచ్చే అక్క ఒకరోజు గుమ్మంలోనే ఆగిపోయింది. "లోపట పెద్దమ్మ ఉన్నట్టే ఉన్నది. నేను ఒక్కదాన్ని పోను" అంది. పిల్లి అయ్యుంటుందన్నాను. మాకు పిల్లి లేదు.

లైసెన్స్ నా పేరుకు మార్చుకోవాలి. లేకపోతే ఆఫీసు ఆర్డరు ఆగిపోతుంది, అక్క జీతమూ ఆగిపోతుంది. మళ్లీ ఆఫీసరు వస్తారని తెలిశాక మా ఆయన, "ఆ డబ్బా తీసెయ్యి. చూస్తే లైసెన్స్ ఇయ్యరు" అన్నాడు. నువ్వే తియ్యి అన్నాను. ఫ్రిజ్ తెరిచి కాసేపు నిలబడి, ఒక సీసా తీసుకుని నీళ్లు తాగి, తలుపు మూసేశాడు.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే ఆ డబ్బా బయటికి తీశాను. మంచు కరిగేదాకా బియ్యం బస్తా పక్కన కూర్చున్నాను. మూత తీస్తే మొదట ఏ వాసనా లేదు. తర్వాత మెల్లగా పాలకూర, వెల్లుల్లి పోపు. ఆమె అడుగుతున్నట్టే ఉంది.

"ఎవరూ ఫోన్ చెయ్యలేదత్తమ్మా" అన్నాను. పైకే అన్నాను. ఒక ముద్ద కలుపుకుని తిన్నాను. ఉప్పు సరిపోయింది. ఆ మాట చెబుదామంటే ఆమె లేదని ఏడుపు ఆగలేదు.

మిగిలింది పారేసి, డబ్బా తోమి బోర్లించాను. ఆఫీసరు మేడం వచ్చి మోరీ, ట్యాంకు, ఫ్రిజ్ చూసి వెళ్లింది. ఆమె కూడా ఏమీ తినలేదు. లైసెన్స్ ఇప్పుడు నా పేరు మీద ఉంది.

ఆ రోజు నుంచి గంటె చప్పుడు వినబడలేదు. తాళం తీసేముందు ఇప్పటికీ కాసేపు ఆగి చెవి పెడతాను. ఫ్రీజర్ మంచులో ఆ డబ్బా ఉన్నచోట గుండ్రంగా గుంట పడి ఉంది. రోజూ కొంచెం కొంచెం పూడుకుపోతోంది.