అరుగు మీద మచ్చుముక్క

మా రాజోలు వైపు ఆడవాళ్ళకి లేసు అల్లడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. చూస్తూ ఉంటే వచ్చేస్తుంది. మేం అల్లేవి ఎక్కువగా బల్లగుడ్డలు, దిండు గలీబుల అంచులు. ఓ అంగుళం అటూ ఇటూ అయినా బల్ల ఏమీ అనదు కాబట్టి మాకు కొలతల పట్టింపు తక్కువ. అలాంటిది మా అక్క కూతురు అమలాపురం నుంచి వచ్చి, "పిన్నీ, నా ప్రధానానికి లేసు జాకెట్టు అల్లిపెట్టవా?" అంది. జాకెట్టంటే ఒంటికి పట్టాలి కదా.

"లేసు జాకెట్టా? దోమతెర చుట్టుకున్నట్టుంటది," అంది మా తోడికోడలు. ఆవిడ నాకంటే పెద్దది, పక్క వాటాలోనే ఉంటుంది. నాకు ఒళ్ళు మండింది. సరిగ్గా పట్టకపోతే మళ్ళీ లేసు సూది ముట్టుకోనని అందరి ముందూ అనేశాను. పిల్ల నన్ను నమ్మి, టైలరుకి వేరే జాకెట్టు కూడా ఇవ్వకుండా, ఆది జాకెట్టు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఫోన్లో వీడియోలు చూశాను. ముందు నాలుగంగుళాల మచ్చుముక్క అల్లి, అందులో కుట్లు లెక్కపెట్టి, దాన్ని బట్టి జాకెట్టంతా లెక్క కట్టుకోవాలట. పొద్దున్నే కాఫీ తాగి, వంటింటి గుమ్మంలో ఒక్కదాన్నే కూర్చుని అల్లాను. నాలుగంగుళాలకి ఇరవై రెండు కుట్లు వచ్చాయి. ఆ లెక్కనే వీపు ముక్క మొదలుపెట్టాను.

అసలు పని మాత్రం మధ్యాహ్నాలే సాగుతుంది. భోజనాలయ్యాక వీధిలో ఆడవాళ్ళంతా సూదులూ దారపుండలూ పట్టుకుని మా అరుగు మీదకి చేరతారు. చేతులతో పాటు నోళ్ళూ ఆడుతూనే ఉంటాయి. అందులో మా తోడికోడలిదే పైచెయ్యి. ఉప్పలగుప్తంలో వాళ్ళ పుట్టింటివారి రొయ్యల చెరువుల గొప్పలు మొదలుపెడితే పొద్దుగూకాల్సిందే.

వీపు ముక్క పూర్తిచేసి ఆది జాకెట్టు మీద పరిస్తే రెండంగుళాలు తక్కువ.

"ఊయల్లో పిల్లకి అల్లేవేంటి చెల్లాయ్?" అంది ఆవిడ. అరుగంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఓ పక్క ప్రధానం ముంచుకొస్తోంది.

మర్నాడు పొద్దున మళ్ళీ మచ్చుముక్క అల్లాను. మళ్ళీ ఇరవై రెండే. అదే దారం, అదే సూది, అదే చెయ్యి. కోపంగా వీపు ముక్క విప్పేయబోతూ, ఎందుకో దాని మీద కూడా టేపు పెట్టి చూశాను. నాలుగంగుళాలకి ఇరవై ఐదు! మధ్యలో కొన్ని వరసలు మాత్రం వెడల్పుగా ఉబ్బి ఉన్నాయి. అవి ఎప్పుడు అల్లానా అని ఆలోచిస్తే, మా తోడికోడలు జ్వరమొచ్చి అరుగెక్కని రోజువి.

అప్పుడు వెలిగింది నాకు. ఆవిడ గొప్పలు వింటుంటే నా వేళ్ళు బిగుసుకుపోతున్నాయి. కుట్టుకుట్టుకీ దారాన్ని కసిగా గుంజేస్తున్నాను. పోనీ అరుగు మానేద్దామా అంటే, పొద్దున పనుల మధ్య దొరికే కాస్త తీరికలో జాకెట్టు తెమలదు. ముల్లుని ముల్లుతోనే తీయాలనుకున్నాను. మధ్యాహ్నం కావాలని ఆవిడ పక్కనే కూర్చుని కొత్త మచ్చుముక్క మొదలుపెట్టి, నేనే కదిపాను.

"అక్కా, ఈ ఏడాది చెరువులెలా ఉన్నాయండీ?"

"ఏం చెప్పమంటావు చెల్లాయ్! మా తమ్ముడు ఇంకో చెరువు తవ్వించేడు కదా..."

ఆవిడ ఆగలేదు, నా చెయ్యీ ఆగలేదు. ముక్క అయ్యాక కొలిస్తే సరిగ్గా ఇరవై ఐదు. ఎగిరి గంతేయాలనిపించింది. ఆ లెక్కతో కుట్లు పెంచుకుని జాకెట్టంతా అక్కడే అల్లాను. ఆవిడ కాసేపు మాట్లాడకపోతే నేనే ఏదో ఒకటి అడిగేదాన్ని.

ప్రధానం రోజు పిల్ల హుక్కులు పెట్టుకుంటుంటే ఒక్కొక్కటే లెక్కపెట్టాను. అన్నీ పడ్డాయి. చంక కింద ముడత లేదు, భుజం జారలేదు. "పిన్నీ, ఒంటి మీదే అల్లినట్టుంది!" అంటూ అద్దం ముందు గిర్రున తిరిగింది. గెలిచానురా భగవంతుడా అనుకున్నాను.

మగపెళ్ళివారిలో ఒకావిడ జాకెట్టు చెయ్యి పట్టి చూసి, "ఎవరల్లేరండీ?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా మా తోడికోడలు ముందుకొచ్చింది.

"మా చెల్లాయేనండీ. అల్లినన్నాళ్ళూ నేను పక్కన కూచోబట్టే ఇలా కుదిరిందండి."

అందులో ఎంత నిజముందో ఆవిడకి తెలీదు.

"ఆయ్, నిజమేనండీ," అన్నాను.