బియ్యం సూట్‌కేసులతో ఉప్పల్ దాకా: మా యూరప్ ఊళ్లు ఎలా తగ్గాయంటే

విదేశాలకు పోదామనుకున్న రోజు నుంచి మా నాచారం ఇంట్లో ఒకటే రచ్చ. ఏయే ఊళ్లు చూడాలి? మా ఆయన నర్సింహ రైల్వేలో టైమ్‌టేబుళ్లు కూర్చే పనిలో ఉండి ఈమధ్యే రిటైరయ్యారు. జూన్‌లో ఇరవై అయిదు రోజుల యూరప్ యాత్రకు మేమిద్దరం, ఆయన అక్క యాదమ్మ వదిన బయల్దేరాలని అనుకున్నాం. వీసాకు ఇంకా అప్లై కూడా చేయలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఈయన అప్పుడే పదకొండు నగరాలకు రైళ్లు కూర్చేశారు. ప్యారిస్‌లో ఒకటిన్నర రోజు, బ్రస్సెల్స్‌లో అయిదు గంటలు, ప్రాగ్‌లో పొద్దున దిగి సాయంత్రం ఎక్కడం. ఊళ్లకు కూడా హాల్టులే! "మరి తినుడెప్పుడయ్యా?" అంటే, "బండి నడుస్తుంటె తిందాం" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ పదకొండింటిలో వదిన అడిగిన ఊరు లేదు. ఆవిడ అడిగింది ఒక్కటే, నార్వేలో పైకొసన ఉండే ట్రోమ్సో. జూన్‌లో అక్కడ రాత్రి పన్నెండింటికి కూడా సూర్యుడు మునగడు. టీవీలో చూసిందట. "గదొక్కటి సూడాలె" అంది, ఎందుకో చెప్పలేదు. "గంత మీదికి పోయి రావాలంటే నాలుగైదు ఊర్లు పోతయక్కా" అని మా ఆయన గొణిగారు. ఆవిడ వెంటనే, "అయితే తీసెయ్ తమ్మీ. నాకేం ఫికర్ లేదు. మీరేడికి తీస్కపోతె గాడికొస్త" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. మల్లాపూర్‌లో ఒక ప్యాకింగ్ కంపెనీలో పనిచేసి ఈయనను చదివించిన మనిషి! పుట్టి బుద్ధెరిగాక ఇది కావాలని నోరు తెరిచి అడిగింది ఇదే మొదటిసారి. కానీ మా ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పదకొండు ఊళ్లు మన ఒంటికి పడవని నేను కొట్లాటకు దిగితే ఆయన ఒక ఉపాయం చెప్పారు. రైల్వేలో కొత్త లైను తెరిచే ముందు బరువు పెట్టి బండి నడిపి చూస్తారట. మనమూ సామానుతో ఒక రోజు ట్రయల్ వేద్దాం, పాసైతే పదకొండు ఊళ్లూ ఖాయం, ఫెయిలైతే వదిన ఊరు పెడతాను అన్నారు. సరేనన్నాను. బట్టలు ఇంకా కొనలేదు కాబట్టి సూట్‌కేసుల్లో బరువుకు ఏం పెట్టాలా అని ఇల్లంతా వెతికి, చివరికి మూడింటినీ సన్నబియ్యంతో నింపారు. ఆ రోజుకు నాచారం ప్యారిస్, హబ్సిగూడ బ్రస్సెల్స్, ఉప్పల్ ఆమ్‌స్టర్‌డామ్, చర్లపల్లి బెర్లిన్.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నూట ఇరవై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవర్ సూట్‌కేసు ఎత్తబోయి ఆగిపోయాడు. "ఏర్‌పోర్టుకా అన్నా?"

"కాదు భాయ్, హబ్సిగూడకు."

"హబ్సిగూడకు గిన్ని పెట్టెలా? ఇల్లు ఖాళీ జేస్తున్నరా ఏంది?"

దారిలో నేను కథంతా చెప్పేసరికి అతను పగలబడి నవ్వాడు. మెట్రో స్టేషన్ ముందు ఆటో ఆపి, "బ్రస్సెల్స్ వచ్చింది, దిగుండ్రి" అన్నాడు. లోపల స్కానర్ దగ్గర సెక్యూరిటీ అమ్మాయి తెర వంక, మా మొహాల వంక మార్చి మార్చి చూసింది. "మేడం, అన్నీ బియ్యమేనా? మా అక్క పెండ్లికి గూడ గిన్ని కొనలే!" అంది. ఆదివారం ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది. ఆఫీసు వేళల్లో పెద్ద పెట్టెలతో మెట్రో ఎక్కే ఆలోచన చేయకండి.

ఉప్పల్‌లో దిగి రింగ్ రోడ్డు మీది స్కైవాక్ దాటాలి. లిఫ్టుంది, ఎస్కలేటరుంది. అయినా మా ఆయన మెట్లే ఎక్కాలన్నారు. "గాడ పాత స్టేషన్లల్ల లిఫ్టులు ఉండయి" అని పెద్ద పాఠం చెప్పి ముందు నడిచారు. సగం మెట్లు ఎక్కేసరికి ఆయనకు ఆయాసం. పెట్టెను మెట్టు మీద దబ్బున వదిలారు. అంతే, జిప్పు టప్పుమని విడిపోయి బియ్యం జలజలా కిందికి జారింది! "తొక్కకుండ్రి బిడ్డా, తొక్కకుండ్రి!" అంటూ వదిన కొంగు పరిచి కూర్చుంది. మెట్లెక్కే వాళ్లంతా ఆగి దోసిళ్లతో ఎత్తిపోశారు. ఒకావిడైతే "పెండ్లి ఎవరిది?" అని కూడా అడిగింది. నవ్వి నవ్వి నాకు కడుపునొప్పి వచ్చింది. మా ఆయన మాత్రం గడియారం చూసుకుంటూ, "బెర్లిన్ బండి పాయె" అని దిగులుపడ్డారు. వదిన కొంగు దులుపుకుని లేచి, తన పెట్టె ఒక చేత్తో ఎత్తుకుని పైకి వెళ్లిపోయింది. ఆవిడకు ఆయాసం కూడా లేదు.

అయినా ఈయన ఓటమి ఒప్పుకోరే! జిప్పు విడిన పెట్టెను తాడుతో కట్టి, రెండు వందలిచ్చి ఆటోలో చర్లపల్లి స్టేషన్‌కు తీసుకెళ్లారు. కొత్త టెర్మినల్ తళతళలాడుతోంది. ఎక్కడ రైలు కనబడినా మా ఆయన మొహం వెలుగుతుంది, ఇక్కడా వెలిగింది. కాసేపే. ఒక బెంచీ మీద కూలబడి నడుం పట్టుకున్నారు.

"హాల్టు ఎంతసేపు?" అన్నాను.

"జర ఊకో. పొడిగించినం" అన్నారు.

అరగంట తర్వాత మల్లాపూర్ మీదుగా ఇంటిదారి పట్టాం. ఒక సందు మొదట్లో వదిన ఆటో ఆపించింది. అక్కడో చాయ్ బండి. మూడు చాయ్‌లు చెప్పి, సందులోకి చూస్తూ నిలబడింది.

"గీడనే మా కంపెని. పద్నాలుగేండ్లు నైటు డ్యూటి జేసిన. రాత్రి పన్నెండుకు గంట గొట్టెటోల్లు, చాయ్ తాగనీకి. గీడికొచ్చి చీకట్ల నిలవడి తాగెటోల్లం. పొద్దంత పండుడు, రాత్రి లేసుడు. ఎండ మొకం సూసుడే కరువాయె. టీవీల గా ఊరు జూసినంక అనుకున్న, రాత్రి పన్నెండుకు ఎండల నిలవడి చాయ్ తాగాలె అని. గంతే."

మా ఆయన చాయ్ చేతిలోనే చల్లారిపోయింది. ఆ రాత్రుల జీతంతోనే వదిన ఆయన కాలేజీ ఫీజు కట్టింది. ఆయన గ్లాసు బండి మీద పెట్టి, "నాకెందుకు జెప్పలేదక్కా?" అన్నారు.

"నువ్వడిగితివా? రైళ్ల టైమ్‌లు అడిగినవ్. నన్ను అడగలె."

ఆయన కళ్లు తుడుచుకుని, నా వైపు తిరిగి, "ట్రయల్ ఫెయిల్" అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఓడిపోతే నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మధ్యాహ్నం ఆ మెట్ల మీది బియ్యాన్నే నాలుగు నీళ్లు కడిగి వండాను. పచ్చిపులుసు కలుపుకుని తింటుండగానే ఊళ్లు తేలిపోయాయి. ఈసారి మా ఆయన పైనుంచి మొదలుపెట్టారు. ముందు ట్రోమ్సో, తర్వాత కిందికి కోపెన్‌హాగన్, నా కోసం ఆమ్‌స్టర్‌డామ్ కాలువలు, ఆయన ముచ్చటపడ్డ ప్యారిస్. మిగతా ఎనిమిదీ పోయాయి, బ్రస్సెల్స్‌తో సహా. ట్రోమ్సోలో హాల్టు ఎంత అంటే, "అక్క లేద్దామన్నప్పుడు లేద్దాం" అన్నారు.

ఊళ్లు తగ్గితే యాత్ర చిన్నబోతుందని నేనూ లోలోపల భయపడ్డాను. ఇప్పుడు ఆ భయం లేదు. ఊరి పేరు చెప్పడం ఎవరికైనా సులువే. అక్కడ ఏం చేయాలని ఉందో చెప్పించాలంటే పక్కన కూర్చుని చాయ్ తాగాలి. మీరూ పెద్ద యాత్ర అనుకుంటుంటే ఒక్క మాట వినండి. రైళ్లూ హోటళ్లూ చూడకముందే, వెంట వచ్చే ప్రతి ఒక్కరినీ ఒకే ఒక్క ఊరు అడగండి, ఎందుకో కూడా అడగండి. ఆ ఊళ్లు ముందు పెట్టుకుని, దారిలో పడేవి మాత్రమే కలుపుకోండి.

నిన్న వదిన తన సూట్‌కేసులో మొట్టమొదట చాయ్ పొడి పొట్లం, ఒక స్టీలు గ్లాసు సర్దుకుంది. సర్దుతూ సర్దుతూ ఆగి, "అవును తమ్మీ, గాడ పన్నెండుకు గంటెవరు గొడ్తరు?" అంది.

మా ఆయన వంటింట్లోంచి ఒక చెంచా తెచ్చి ఆ గ్లాసులో వేశారు. "నేను గొడ్త అక్కా."