దవాఖాన ముంగట బ్యాండ్

మోకాలి ఆపరేషన్ అయిన కానుంచి మా బాపు మంచం దిగుత లేడు. డాక్టర్ చెప్పిండు, నర్సమ్మ బతిమాలింది, నేను కోపం చేసిన. "నొస్తుంది" అంటడు, గోడదిక్కు తిరుగుతడు.

ఇయ్యాల పొద్దుగాల మెదక్‌ల మా దవాఖాన రోడ్డుకెళ్ళి ఒక పెండ్లికొడుకును బ్యాండ్‌తోని ఫంక్షన్ హాలుకు తీస్కపోతున్నరు. దూరంకెళ్ళి బ్యాండ్ ఇనవడంగనే బాపు వేళ్ళు మంచం మీద దరువెయ్యబట్టినయి. సరిగ్గ మా గేటు ముంగటికొచ్చి బ్యాండోళ్ళు వాయించుడు ఆపిండ్రు. దవాఖాన కాడ ఎవరైన గట్లనే ఆపుతరు, మర్యాద.

బాపుకు మండింది. వాకర్ పట్టుకొని లేసి, కిటికీ దాంక నడిచిండు.

"ఎందుకాపిండ్రు?"

"లోపట పేషెంట్లుంటరు గదా పెద్దాయనా," అన్నడు క్లారినెట్ ఊదేటాయన.

"నేనే పేషెంట్‌ను. చెప్తున్న గదా, వాయించుండ్రి!"

వాయించిండ్రు. పాట అయిపోయేదాంక బాపు నిలవడే ఉన్నడు. నొస్తుందని ఒక్కసారి అనలే.

సాయంత్రం నర్సమ్మ నడువుమంటే మళ్ళ గోడదిక్కు తిరిగిండు. వేళ్ళు మాత్రం ఇంక దరువేస్తనే ఉన్నయి.

మెదక్‌ల ఎవరింట్లనన్న పెండ్లుంటే కామెంట్ల చెప్పుండ్రి. పెండ్లికొడుకును జర ఈ రోడ్డుకెళ్ళే తీస్కపోండ్రి. గేటు కాడ మాత్రం బ్యాండ్ తప్పకుంట ఆపుండ్రి. ఆపితేనే మా బాపు లేస్తడు.