బాపమ్మ బంద్ చేసిన బండి

డీజిల్ ఇంజన్ కనిపెట్టినాయన ముందుగా సూరత్‌లో మేముండే భేస్తాన్ వచ్చి మా బాపమ్మను ఒక మాట అడిగి ఉంటే, ఇంజన్లు ఒక్క తరంతోనే సరిపోయేవి. రెండో తరం అక్కరే పడేది కాదు. ఇంజన్ గురించి ఆమెకు తెలిసింది ఏమీ లేదు. అయినా ఈ మాట నేను వెనక్కి తీసుకోను.

బాపమ్మ, అంటే మా నాయిన తల్లి, పేరు వెంకటవ్వ. పెళ్లయిన కొత్తలో సిరిసిల్ల వైపు నుంచి తాతతో సూరత్ వచ్చింది. ఇద్దరూ ఎవరెవరి కిందో నేసి నేసి, సొంతానికి నాలుగు సాంచలు పెట్టుకున్నారు. సాంచ అంటే మాలో మరమగ్గం. తాత పోయాక కూడా అవి ఆగలేదు. తిప్పలంతా నేసిన గుడ్డను రింగ్ రోడ్ మార్కెట్‌కు చేర్చడంలోనే. కిరాయి టెంపోవాడు బుద్ధి పుట్టినప్పుడు వచ్చేవాడు. ఓసారి వాడు వానలో తడిపిన గుడ్డ తాన్లను మార్కెట్‌లో కొనే సేఠ్ తిప్పి పంపాడు. ఆ వారమే బాపమ్మ ఒక సాంచను అమ్మేసి, సెకండ్ హ్యాండ్ పికప్ కొందామంది. తప్పు బండి వస్తే మిగిలిన మూడూ దాని రిపేర్లకే పోతాయని ఇంట్లో అందరికీ తెలుసు.

పాత బండ్లు అమ్మే రాంప్రసాద్ రెండు చూపించాడు. రెండిటికీ ఇంజన్‌లోకి గాలి ఎక్కించే టర్బో ఉంది. ఒకటి బీఎస్-ఫోర్, పాత తరం, గొంతు పెద్దది. రెండోది బీఎస్-సిక్స్, కొత్త తరం. తన పొగను తానే వడకట్టుకుంటుంది, తెల్లగా పెళ్లికొడుకులా నిలబడి ఉంది. మా నాయిన పరుశురాం అప్పటికే దాని స్టీరింగ్ మీద చెయ్యి వేశాడు.

మాలో పాత సాంచ కొనాలంటే దాని మీద ఒక తాను నేసి చూస్తారు. అలాగే రెండు బండ్ల మీదా మా తాన్లు వేసి రింగ్ రోడ్ దాకా తిప్పుతానని బాపమ్మ పట్టుబట్టింది. సరుకుతో ట్రయల్ ఎవరిస్తారని రాంప్రసాద్ గొణుగుతూ ఉండగానే ఆమె తాన్లు ఎక్కించింది.

ముందు కొత్తది. నాయిన నడుపుతున్నాడు, బాపమ్మ మధ్యలో, నేను కిటికీ పక్కన. సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా, నాయిన కాలు కదపకుండానే ఇంజన్ చప్పుడు పెరిగింది. స్టీరింగ్ ముందు ఒక లైటు వెలిగింది. బాపమ్మ చెయ్యి చాపి తాళం తిప్పేసింది. సాంచ చప్పుడు మారితే ముందు ఆపాలి, తర్వాత చూడాలి. లేకుంటే దారం మోసే నాడె ఎగిరి ఎవరికో తగులుతుంది. వెనక హారన్లు మోగాయి. నాయినకు తల కొట్టేసినట్టయింది.

"అవ్వా, నడిరోడ్డు మీద గిట్ల బంద్ జేస్తరా ఎవలన్న?"

"ఎవలు తొక్కకుండ అదెట్ల ఉరికె? ముందుగాల గది చెప్పు."

నాయిన ఫోన్ చేస్తే రాంప్రసాద్ చెప్పాడు. పొగను వడకట్టే లోపలి జాలీలో మసి పేరుకుంటే ఇంజన్ దాన్ని తానే కాల్చుకుంటుందట. అప్పుడు ఆపకుండా ఇరవై నిమిషాలు ఖాళీ రోడ్డు మీద నడపాలి. మాటిమాటికీ ఆపితే జాలీ మూసుకుపోతుంది. భేస్తాన్ నుంచి రింగ్ రోడ్ దాకా ఖాళీ రోడ్డు ఎక్కడుంది? వారానికోసారి హైవే ఎక్కిద్దామని నాయిన బతిమాలాడు.

"దాని మూతి కడుగనీకి నేను హైవే ఎక్కాల్నా?" అంది బాపమ్మ.

తర్వాత పాతది. అవే తాన్లతో, దగ్గుతూ, టర్బో ఈల వేస్తూ ఫ్లైఓవర్ ఎక్కింది. తిరిగి రాంప్రసాద్ కొట్టు ముందు ఆగీ ఆగగానే బాపమ్మ మళ్లీ తాళం తిప్పేసింది. రాంప్రసాద్ ఉరికి వచ్చాడు. బరువు లాగిన టర్బో కాలిపోతూ ఉంటుందట. ఆగిన చోటే ఇంజన్‌ను ఒక నిమిషం ఊరికే నడవనిస్తే ఆయిల్ తిరిగి చల్లబడుతుంది, ఠక్కున ఆపితే చెడిపోతుంది. నాయిన మొహం వెలిగింది, ఇక ఇది వద్దని కొత్తదానికే ఒప్పుకుంటుందని.

ఏళ్ల తరబడి ఒక్క దెబ్బతో సాంచను ఆపిన చెయ్యి అది. బాపమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని, మళ్లీ స్టార్ట్ చెయ్యమంది. నిమిషం పాటు కదలకుండా కూర్చుని, అప్పుడు తాళం తిప్పింది. ఇదే తీసుకుంటానంది. రాంప్రసాద్ కొత్తదాని మైలేజీ చెప్పాడు. నాయిన పాతదాని పొగ గురించీ, ముందు ముందు కాగితాలతో వచ్చే ఇబ్బంది గురించీ చెప్పాడు. ఆమె అప్పటికే తలుపు గట్టిదనం చూస్తోంది.

ఇప్పుడు బండి ఎక్కడ ఆగినా ఆమె ఆ నిమిషం దిగదు, తాళం ఎవరినీ ముట్టనివ్వదు. నేను ఊరుకుంటానా? కొత్తదాన్ని క్షణం కూడా ఉరకనియ్యలేదు గానీ ఈ ముసలి బండి మాట బాగానే వింటున్నావే, భయపడ్డావా అని మొన్న అడిగాను.

బాపమ్మ తాళం తీసి కొంగున ముడి వేసుకుంది.

"నిమిషమైతే ఆగుత. ఇరవై నిమిషాలు మీ తాత కోసమే ఆగలే, పోరీ."