బావ కడిగిన సీసాలు

మా బావకి కడుగుడు పిచ్చి. చేతులు కడుక్కునే పిచ్చి కాదు, అదైతే డాక్టరుకి చూపించేవాళ్ళం. సీసాలు, గ్లాసులు, గొట్టాలు, మూతలు, ఏదైనా సరే తన చేత్తో కడిగితే తప్ప శుభ్రమైందని నమ్మడు. లోహాల రసాయన శాస్త్రంలో ఆయన పేరు తెలియనివాడు లేడంటారు. ఉండకపోవచ్చు. అంత చదువు చదివి, అంత పేరు తెచ్చుకుని, రోజూ సాయంత్రం మోచేతుల దాకా రబ్బరు తొడుగులేసుకుని తన విద్యార్థుల అంట్లు తోమిన మనిషిని మాత్రం నేను ఇంకొకణ్ణి చూడలేదు.

నేను ఆయన భార్యకి తమ్ముణ్ణి. అదే పరిశోధన సంస్థలో స్టోర్స్ చూసేవాణ్ణి. రసాయనాలు, గాజుసామాను, బ్రష్షులు ఎవరికి కావాలన్నా నా కిటికీ దగ్గరికి రావాల్సిందే. ఆ ఉద్యోగం బావే వేయించాడని అందరూ అనుకునేవారు. నేనక్కడ పనిచేస్తున్నానని ఆయనకి తెలియడానికే చాలాకాలం పట్టింది. ఒకరోజు బ్రష్షుల కోసం వచ్చి, కిటికీలో నా మొహం చూసి, "నువ్వేంట్రా ఇక్కడ? అక్క బాగుందా?" అన్నాడు. ఆ అక్క చేతి కాఫీ తాగే ఆయన పొద్దున ఇంట్లోంచి బయల్దేరాడు.

శుభ్రానికి ఆయన పెట్టే పరీక్ష తేలిక. కడిగిన సీసాలో మంచినీళ్ళు పోసి, ఒంపేసి, వెలుతురుకి ఎత్తి చూస్తాడు. గాజు మీద నీళ్ళు పల్చటి పొరలా జారిపోతే శుభ్రం. ఎక్కడైనా చుక్కలుగా నిలిచాయంటే అక్కడ జిడ్డు ఉన్నట్టే, మళ్ళీ మొదటికి. రసాయన శాస్త్రం చదివినవాళ్ళంతా చేసే పనే ఇది. కాకపోతే మిగతావాళ్ళు లాబ్ తలుపు దాటగానే మానేస్తారు.

ఒకసారి నన్ను హోటలుకి తీసుకెళ్ళాడు. సర్వర్ మంచినీళ్ళు పెట్టాడు. బావ గ్లాసు ఎత్తి కిటికీ వైపు తిప్పి చూస్తూ కూర్చున్నాడు. పాపం ఆ సర్వర్ కంగారుపడ్డాడు.

"సార్, గ్లాసులో ఏమైనా పడిందా?"

"పడలేదు. పోలేదు."

"ఏంటి సార్ పోనిది?"

"నిన్న ఇక్కడ కూర్చున్న మనిషి."

అని లేచి, గ్లాసులు పట్టుకుని వంటగదిలోకి వెళ్ళిపోయాడు. నేను ఆకలితో మాడుతూ కూర్చుంటే లోపల్నించి కుళాయి చప్పుడూ, వంటవాడి తిట్లూ వినిపించాయి. ఆ హోటలుకి మేం మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళినా రానిచ్చేవాళ్ళు కాదు.

ఇంట్లో మా అక్క తోమిన గిన్నెలు కూడా మళ్ళీ తోమేవాడు.

"ఏమండీ, నేను తోమింది నచ్చలేదా?"

"ఛ, నచ్చకపోవడమేంటి? ఊరికే చూస్తున్నాను."

"చూసి?"

"కడుగుతున్నాను."

పెళ్ళైన కొత్తలో అక్క ఏడ్చింది. కొన్నాళ్ళకి అరిచింది. చివరికి తెలివి తెచ్చుకుని తోమడమే మానేసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా ఆమె అదృష్టం చూసి కుళ్ళుకునేవారు. విదేశంలో ఒక పెద్ద సభలో బావకి గాజు కలశం బహుమతిగా ఇస్తే, వేదిక మీదే దాంట్లో నీళ్ళు పోసి దీపం కేసి ఎత్తాడట. అధ్యక్షుడు ముచ్చటపడి "ఎలా ఉంది?" అని అడిగితే, "జిడ్డుగా ఉంది" అన్నాడట. తర్వాత ఆ దేశంవాళ్ళు ఆయన్ని పిలవలేదు.

అసలు ఆయనకి పేరొచ్చిందే కడగడం వల్ల. కుర్రతనంలో, ఆ శాస్త్రంలో మహానుభావుడనిపించుకున్న పెద్దాయన ఒకాయన కొత్త పదార్థం ఒకటి కనిపెట్టానని ప్రకటించాడు. మంచి నీలం రంగు. అందరూ ఆహా అన్నారు, అందరికీ వచ్చింది. బావకి మాత్రం రాలేదు. కడిగిన సీసాలో రాదు, కడగని సీసాలో వస్తుంది. ఇదేం చోద్యమని కూపీ లాగితే తేలిందేమిటంటే, ఆ నీలం కొత్త పదార్థం కాదు, అంతకుముందు అందరూ అవే సీసాల్లో వండిన కోబాల్టు అనే లోహం తాలూకు మరక. బావ ఆ సంగతి రెండు పేజీల్లో రాసి అచ్చు వేయించాడు. ఆ పెద్దాయన చచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు. పెద్దాయన శిష్యులు చచ్చాక కూడా మాట్లాడేట్టు లేరు. పగబట్టడంలో శాస్త్రజ్ఞులు పొలం గట్టు దగ్గర కొట్టుకునే దాయాదులకేం తీసిపోరు. నా కిటికీలోంచి ముప్ఫై ఏళ్ళు చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఆ తర్వాత బావ జీవితమంతా ఒక్క పని మీదే పెట్టుకున్నాడు. మందుల తయారీలో రెండు అణువుల్ని అతికించడానికి పల్లాడియం అనే ఖరీదైన లోహం వాడతారు. అదే పని ఇనుముతో చేయించాలని ఆయన పట్టుదల. ఇనుము చౌక కాబట్టి మందులూ చౌకవుతాయి. ఇనుము ఆయన మాట వినలేదు. ఏళ్ళకేళ్ళు బతిమాలాడు, బెదిరించాడు, చుట్టూ రకరకాల అణువుల్ని కాపలా పెట్టాడు. అది తుప్పు పట్టింది గానీ పని చెయ్యలేదు.

అప్పుడు గాలివాన వచ్చింది. గాలివాన అంటే బావ దగ్గర పరిశోధనకి చేరిన ఒక అమ్మాయి. ఆమె లోపలికొస్తే తలుపు గోడకి కొట్టుకునేది, అందుకని లాబ్‌లోవాళ్ళు పెట్టిన పేరది. తెలివైన పిల్ల, తొందర మనిషి. ఒకరోజు పొద్దున్నే నా కిటికీ ముందు నుంచి "వచ్చింది, వచ్చింది!" అని అరుచుకుంటూ పరుగెత్తింది. ఇనుము పని చేసింది!

బావ నమ్మలేదు. "మళ్ళీ చెయ్యి" అన్నాడు. సీసా తనే కడిగి ఇచ్చాడు. మళ్ళీ వచ్చింది. ఇంకో సీసా కడిగి ఇచ్చాడు. ఇంకా బాగా వచ్చింది. ఇక లోకానికి చాటారు. పత్రికల్లో ఫొటోలు పడ్డాయి. ఆ ఏడు డైరెక్టరు పదవి ఖాళీ అవుతోంది, అది బావకేనన్నారు. డైరెక్టరు బంగళా వెనక పెద్ద తోట ఉంది. ఎక్కడ ఏ మొక్క నాటాలో అక్క అప్పుడే నిర్ణయించేసింది.

అంతలో వేరే దేశంలోని ఒక లాబ్‌వాళ్ళు తమకి రావడం లేదని రాశారు. ఇంకొకళ్ళూ అదే మాట అన్నారు. బావ తొడుగులు విప్పి, తనే స్వయంగా చేసి చూశాడు. రాలేదు. గాలివానని పిలిచాడు. బ్రష్షులివ్వడానికి వెళ్ళిన నేను అక్కడే ఉన్నాను.

"అమ్మాయ్, స్టిర్ బార్ ఏది వాడావు?" స్టిర్ బార్ అంటే సీసాలో రసాయనాలు కలవడానికి లోపల వేసే తెల్లటి అయస్కాంతపు ముక్క.

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. వెళ్ళి తన సొరుగులోంచి దూదిలో చుట్టిన బార్ ఒకటి తెచ్చింది.

"మొదటిసారి దీంతోనే వచ్చింది సార్. కలిసొచ్చిన బార్ కదా అని ప్రతిసారీ ఇదే వేశాను. కడిగితే అదృష్టం పోతుందేమోనని మీరు కడిగే తొట్టిలో వెయ్యలేదు."

బావ దాన్ని వెలుతురుకి ఎత్తాడు. తెల్లటి పూత మీద సన్నటి గీత ఉంది. గీతలో బూడిద రంగు ఉంది. పరీక్షకి పంపితే పల్లాడియం అని తేలింది. ఎవరో ఎప్పుడో పల్లాడియంతో పనిచేసి వదిలేసిన పాత బార్ అది. పని చేసింది ఇనుము కాదు, ఆ గీతలో దాక్కున్న పిసరంత పల్లాడియం. అంత శాస్త్రం చదివిన పిల్ల, అదృష్టానికి దూది చుట్టి దాచుకుంది! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వెంటనే విచారణ కమిటీ వేశారు. దానికి పెద్ద, ఆ నీలం రంగు పెద్దాయన శిష్యుల్లో ఒకడు. ఎండాకాలంలో కూడా మెడకి టై బిగించుకుని తిరిగేవాడు కాబట్టి మేమంతా టై అనేవాళ్ళం. బావ దొరుకుతాడా అని ఇన్నాళ్ళూ గోతికాడ నక్కలా కాచుకున్నాడు. డైరెక్టరు పదవి మీద అతనికీ కన్నుంది. స్టోర్స్ తరఫున నన్నూ పిలిచారు. ఆ అమ్మాయికి పల్లాడియం ఎప్పుడైనా ఇచ్చారా అని అడిగితే ఇవ్వలేదన్నాను, అది నిజమే.

టై బల్ల మీద వేళ్ళు వాయిస్తూ మొదలుపెట్టాడు. "పని చేసే బార్ ఒక్కటే. అది అమ్మాయి సొరుగులో దాచి ఉంది. ఇది పొరపాటంటారా, మోసమంటారా?"

అక్కడే ఉంది చిక్కంతా. అదృష్టం కోసం దాచిందంటే నమ్మేవాడెవడు? నిజం చెబితే ఆ పిల్ల దొంగ అవుతుంది. సంస్థలోంచి గెంటేస్తారు. ఆ ముద్ర పడ్డాక ఏ లాబ్ గడపా ఎక్కనివ్వరు. గాలివాన ఓ మూల కుర్చీలో తల దించుకుని కూర్చుంది. ఆ రోజు తలుపు కూడా చప్పుడు కాకుండా తీసుకుని వచ్చింది.

బావ లేచి నిలబడ్డాడు.

"మోసం ఏమీ లేదు. మా లాబ్‌లో కడిగేది నేను. ఆ బార్ నేనే కడిగి ఆ అమ్మాయికిచ్చాను. సరిగ్గా కడగలేదు."

 గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. టై మొహం పండగలా వెలిగిపోయింది. "ఏమన్నారు? మరొక్కసారి చెప్పండి" అన్నాడు. బావ మరొక్కసారి చెప్పాడు. "రాసుకోవచ్చా?" అన్నాడు టై. "రాసుకోండి" అన్నాడు బావ. లోకంలో ఉన్న పెద్దపెద్దవాళ్ళ సీసాలన్నిటికీ వంకలు పెట్టిన మనిషి, తనకి కడగడం రాదని కాగితం మీద సంతకం పెట్టాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అది అబద్ధమని ఆ గదిలో బావకి, ఆ పిల్లకి, నాకు తప్ప ఎవరికీ తెలియదు.

పత్రికలో అచ్చయిన పరిశోధన వెనక్కి తీసుకున్నారు. డైరెక్టరు పదవి టైకి వెళ్ళింది. ఆ తర్వాత ఏ సభకెళ్ళినా, బావ ఎవరినైనా ప్రశ్న అడిగితే చాలు, "ముందు మీ సీసాలు కడుక్కోండి సార్" అని వెనక వరసలోంచి వినబడేది. ఆయన దగ్గర చదువుకుని పైకొచ్చినవాళ్ళు కూడా నవ్వేవారు. ఆ వెధవల అంట్లు తోమి తోమి, తొడుగుల్లోనే నాని ఆయన చేతులు పుళ్ళు పడ్డాయి, ఒక్కడికీ అది గుర్తు లేదు. ఆ నవ్వులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కమిటీ జరిగిన రోజు సాయంత్రం సంగతంతా అక్కకి చెప్పాను, అబద్ధం ముక్క ఒక్కటి దాచి. తోట పోయినందుకు ఇల్లు ఎగిరిపోయేట్టు అరుస్తుందనుకున్నాను. ఆమె వంటింట్లోకి వెళ్ళి, ఒక గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఎత్తి చూడు. మరక కనిపిస్తోందా?"

"లేదు."

"ఇన్నేళ్ళుగా ఇంట్లో ఏ గిన్నె మీదా నాకు కనబడలేదు. ఆ మనిషి కడిగితే మరక ఉండదురా. ఎవరినో కాస్తున్నాడు. వెళ్ళి కనుక్కో."

మర్నాడు సాయంత్రం లాబ్‌కి వెళ్ళాను. అందరూ వెళ్ళిపోయారు. బావ ఎప్పటిలాగే సింకు ముందు నిలబడి ఉన్నాడు, పక్కన సీసాల గుట్ట.

"ఎందుకు బావా అంత అబద్ధం ఆడావు?" అన్నాను.

"ఎందుకంటే అందుకే కదరా ఇన్నాళ్ళూ కడుగుతున్నది" అన్నాడు, తల తిప్పకుండా.

"అంటే?"

"ప్రయోగం చెడితే ఎవరైనా మొదట అడిగేది సీసా ఎవరు కడిగారని. పిల్లలు కడిగితే పిల్లల పీక మీదికొస్తుంది. నేను కడిగితే నా మీదికొస్తుంది. నన్నేం చేస్తారు, మహా అయితే నవ్వుతారు." సీసా ఒకటి ఎత్తి చూసి, నచ్చక, మళ్ళీ నీళ్ళలో ముంచాడు. "నేను చదువుకునే రోజుల్లో పక్క టేబుల్ దగ్గర ఒకడుండేవాడు. నాకంటే చాలా తెలివైనవాడు. ఒక్క మురికి గొట్టం దొరికిందని వాణ్ణి పంపేశారు. తర్వాత ఎక్కడా కనబడలేదు. వాడుంటే ఈపాటికి ఇనుము పని చేసేది."

 అంతమంది పిల్లలు ఆయన్ని అనుమానపు పిశాచమనీ, వాళ్ళ చేతుల మీద నమ్మకం లేదనీ తిట్టుకున్నారు. ఆ తిట్లు నేనూ తిట్టాను.

తలుపు ధడేల్మని గోడకి కొట్టుకుంది. గాలివాన. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"సార్, కమిటీ దగ్గరికెళ్ళి నిజం చెప్పేస్తాను. మీరు నా కోసం..."

"చెప్పు. నేను అబద్ధమాడానని తేలుతుంది, నా ఉద్యోగం తీసేస్తారు. రేపు పొద్దున ఈ సీసాలు ఎవరు కడుగుతారు, నువ్వా? నీకు ఓపిక లేదు."

"సార్..."

"ఇనుము ఒంటరిగా ఏమీ చెయ్యదని మనకిప్పుడు రూఢిగా తెలిసింది. ఇన్నేళ్ళలో నాకు తేలనిది నువ్వు తేల్చావు. రేపటి నుంచి కొత్త బార్‌లతో మొదలుపెట్టు. గీత పడింది కనిపిస్తే పారెయ్, ఎంత కలిసొచ్చిందైనా సరే."

ఆ అమ్మాయి సింకు మీదికి వంగి భోరుమంది. బావ కంగారుగా ఆమె మొహం కిందనుంచి సీసాలన్నీ అవతలికి జరిపాడు.

"ఇక్కడ కాదమ్మా! కన్నీళ్ళలో సోడియం ఉంటుంది. ఇప్పుడే కడిగాను."

గాలివాన బుద్ధిగా రెండడుగులు పక్కకి జరిగి, అక్కడ ఏడ్చింది. బావ మాత్రం కడగడం ఆపలేదు.