డెన్మార్క్ సినిమాల బావ

ప్రొద్దుటూరులో మా బావకు డెన్మార్క్ సినిమాలంటే ప్రాణం. ఆదివారాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చూసేవాడు. భార్యను మోసం చేసే మొగుడు కనిపిస్తే సినిమా ఆపేసి, "వాని కండ్లు చూడప్పా, ఎంత నిమ్మళంగా అబద్ధమాడతాండాడో!" అనేవాడు. అక్కడి దయ్యాల సినిమాలు మాత్రం ఆయనకు నచ్చేవి కావు. "సంసారం కూలిపోయేదాని కంటే భయమేముందప్పా?" అంటూ కళ్లు తుడుచుకునేవాడు. మా అక్క అదృష్టవంతురాలనుకునేవాణ్ణి.

పోయిన వేసవిలో పనిమీద పులివెందులకు పోతే, ఒక ఇంటి అరుగుమీద బావ కనిపించాడు. ఆయన పోలికలే ఉన్న పసిపిల్ల "నాయనా" అంటూ మెడకు వేలాడుతోంది. నన్ను చూసి బావ మొహం పాలిపోయింది.

"అక్కకు చెప్పొద్దప్పా," అన్నాడు.

ఒళ్లు మండిపోయి, బస్సు దిగగానే అక్కకు చెప్పేశాను. ఆమె ఏడవలేదు.

"నాకెప్పుడో తెలుసు లేరా. నీకు ఆయనంటే శానా ఇష్టం కదా, అందుకే చెప్పలా," అంది.