పదకొండు లారీల మీద బీబీజాన్

అరబ్బు దేశంలో, సులై పార్సిల్ డిపోలో గౌస్ మొహిద్దీన్‌కూ ఇష్తియాక్‌కూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. సులైలో పచ్చగడ్డి దొరకదు కాబట్టి సరిపోయింది. ఒకే గది, ఎదురెదురు మంచాలు, ఒకే పొయ్యి. ఉప్పు డబ్బా అవతలివాడి పక్కన ఉంటే, అడగడానికి నోరు రాక చప్పటి పప్పు తిని లేచిన రోజులు ఇద్దరికీ ఉన్నాయి.

గౌస్ మొహిద్దీన్‌ది రాయచోటి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. అతని ఉర్దూలో ప్రతి నాలుగో మాట తెలుగే. ఇష్తియాక్‌ది హైదరాబాదు పాతబస్తీ. అని అతను చెప్పుకునేవాడు. తాత నిజాం కొలువులో గుర్రాలు చూసేవాడట, ఇంట్లో వెండి హుక్కా ఉండేదట. గౌస్ నోరు విప్పితే చాలు, "యా అల్లా, ఇది ఉర్దూనా, ఉలవచారా?" అని చెవులు మూసుకునేవాడు. ఊరినుంచి గౌస్‌కు తెలుగులో ఉత్తరం వస్తే దాన్ని బల్లమీద నుంచి రెండు వేళ్ళతో ఎత్తి, "ఏ కడపా! నీ చీమల బారు వచ్చింది, తీసుకో" అని విసిరేవాడు.

"చీమలకుండే బుద్ధి కొందరికి లేకపాయె" అని గౌస్ గోడతో చెప్పేవాడు.

వాళ్ళు పనిచేసేది సర్కారు పార్సిల్ సంస్థలో. నలుగురు సేఠుల చేతుల్లో ఉన్న నాలుగు చిన్న కంపెనీలను సర్కారు తీసుకుని ఒకటి చేసింది. బోర్డు మారింది, నీలం చొక్కాలు వచ్చాయి, ప్రతి పనికీ ఒక కాగితం వచ్చింది. తిట్లు మాత్రం పాతవే మిగిలాయి. సేఠు తిడితే ఒక మనిషి తిట్టినట్టుండేది; ఇప్పుడు ముదీర్ తిడితే సర్కారే తిట్టినట్టుండేది. ముదీర్ అంటే అక్కడ మేనేజరు. చేతిలో జపమాల తిప్పుతూ, డ్రైవర్లు చెప్పేది ఒక చెవితో కూడా వినకుండా, "ఖురూజ్!" అనేవాడు. అంటే వీసా కొట్టేసి ఇంటికి పంపేయడం. బండి మీద గీత పడినా ఖురూజ్, పార్సిల్ తడిసినా ఖురూజ్. అన్నిసార్లూ అన్నంత పని చేయలేదుగానీ, నలుగురైదుగురి విషయంలో చేశాడు. అందుకని ఆ మాట వినబడితే ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

గౌస్ ఎనిమిదేళ్ళు ఒక డబ్బా వ్యాను నడిపాడు. ఏసీ లేదు, ఎడమ తలుపు తాడుతో కట్టుకోవాలి. అభా కొండలెక్కేటప్పుడు రేడియేటర్‌కు నీళ్ళు పోస్తూ, తనూ ఇన్ని తాగుతూ, ఇద్దరూ ఆవిర్లు కక్కుతూ పైకి చేరేవారు. కువైట్‌లోకి ఇరాకీ సైన్యం దిగాక సరుకుల రవాణా ఒక్కసారిగా పెరిగింది. సెప్టెంబరులో డిపోకు పదకొండు కొత్త లారీలు దిగాయి. అందులో ఒకటి గౌస్‌కు ఇచ్చారు. తెల్లగా, చల్లగా, సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయని లారీ.

ఇక్కడే అతను ఒక పని చేశాడు.

రాయచోటిలో పేరులేని లారీ ఉండదు. ఓనరు తల్లి పేరో, కూతురి పేరో, దర్గా పేరో, ఏదో ఒకటి బండికి ఉండాల్సిందే. పేరులేని బండి అనాథ కింద లెక్క. గౌస్ ఒక శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక, బండి నంబర్లు దిద్దే ఎర్ర రంగు డబ్బా తీసుకుని, లారీ వెనక తలుపు మీద, గడియ కింద, అరచేయంత అక్షరాలతో తెలుగులో తన భార్య పేరు రాసుకున్నాడు. బీబీజాన్. చదివే దిక్కు ఎవరని ధైర్యం. సర్కారు బండి మీద, అందులోనూ ఆ దేశంలో, ఆడమనిషి పేరు! అరబ్బీలో రాసి ఉంటే సాయంత్రానికే ఖురూజ్ అయ్యేది.

ఇందులో ఒక చిత్రముంది. పెళ్ళయిన పదిహేనేళ్ళలో అతను ఆ పేరు నోటితో ఒక్కసారీ పిలవలేదు. వాళ్ళిళ్ళలో మగవాళ్ళు పిలవరు. "ఏమే", "ఇదిగో", కూతురు పుట్టాక "గుల్షన్ వాళ్ళమ్మా". బాగా అవసరమైతే దగ్గు. అతని చేతికి వచ్చిన పేరు నోటికి రాలేదు.

శనివారం పొద్దున్నే ముదీర్ చూశాడు. జపమాల ఆగింది.

"ఏంటిది?"

వెనక వరసలో ఇష్తియాక్ మెడ చాచి మరీ చూస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పాలి.

"దూరం పాటించండి అని, ముదీర్. మా వాళ్ళ భాషలో. వెనకొచ్చే బండ్లలో మావాళ్ళే ఎక్కువ గదా."

ముదీర్ ఆలోచించాడు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి గౌస్ భుజం తట్టాడు. "మంచిది. అన్ని లారీలకూ రాయి."

అలా పదకొండు లారీల వెనక బీబీజాన్ ఎక్కింది. మిగతా పది బండ్లకూ గౌస్ అదే ఎర్ర రంగుతో రాశాడు. ఇష్తియాక్ లారీకి రాసేటప్పుడు వాడు పక్కన నిలబడి పళ్ళు నూరాడు. మొహం ఎర్రబడింది. కడపోడి చెయ్యి తన బండి మీద పడటం నచ్చలేదు కాబోలని గౌస్ అనుకుని, కావాలనే ఆ ఒక్క బండికి కాస్త పెద్దగా రాశాడు.

జనవరిలో యుద్ధం మొదలైంది. డ్రైవర్లకు తలా ఒక గ్యాస్ మాస్కు సంచి ఇచ్చారు. ఎలా పెట్టుకోవాలో చెప్పిన మనిషి అరబ్బీలో ఎంత వేగంగా చెప్పాడంటే, దాన్ని తలకు పెట్టుకోవాలన్నది తప్ప ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తూర్పు వైపు పోవడానికి అందరూ వెనకాడుతుంటే, ముదీర్ రెండు పేర్లు చదివాడు. గౌస్, ఇష్తియాక్. ఆస్పత్రులకు వెళ్ళే పార్సిళ్ళు, ఖతీఫ్‌లో దించి రావాలి. ఒకడి వెనక ఒకడు పోవాలి.

"వాడి వెనకనా?" అన్నాడు ఇష్తియాక్.

"ఖురూజ్ కావాలా?" అన్నాడు ముదీర్.

దారి పొడవునా మిలటరీ బండ్లు. ట్యాంకుల్ని మోసుకుపోయే ట్రైలర్లు పక్కనుంచి పోతుంటే లారీ పడవలా ఊగేది. మధ్యాహ్నం ఖతీఫ్ మలుపు ముందు చెక్‌పోస్టులో ఆపారు. సిపాయి ఒకడు ఆ దేశంలో ఉండటానికిచ్చే ఇకామాలు, పార్సిల్ కాగితాలు చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వెనక్కి పోయి సీలు చూసి, అక్కడే నిలబడిపోయాడు. తర్వాత రెండో లారీ వెనక్కి పోయి చూశాడు. రెండింటి మీదా అదే ఎర్ర గుర్తు. విజిల్ వేశాడు.

క్షణంలో ఎనిమిది మంది చుట్టుముట్టారు. ఇద్దరినీ దింపి, లారీకి చేతులు ఆనించి నిలబెట్టారు. గుడారంలోంచి అఫీసరు వచ్చాడు, సన్నటి మనిషి, నిద్రలేని కళ్ళు.

"ఈ గుర్తు ఎవరు పెట్టారు? ఎవరికోసం?"

"దూరం పాటించండి అని, సాబ్" అన్నాడు గౌస్.

"పైనుంచి విమానాలకా?"

"అయ్యో, కాదు సాబ్! వెనకొచ్చే బండ్లకు."

"రెండు మాటల పలుకు, ఒక్క ముక్కలో రాస్తారా మీరు?" అఫీసరు అక్షరాల మీద వేలు పెట్టి లెక్కబెట్టాడు. "ఈ రోడ్డు మీద రోజుకు వెయ్యి లారీలు పోతాయి. ఈ గుర్తు ఇంకే బండి మీదా చూడలేదు. నిజం చెప్పు."

గౌస్‌కు ఎటు కదిలినా గోతే. అబద్ధం మీద నిలబడితే మిలటరీ జైలు. నిజం చెబితే ముదీర్‌ను పదకొండు లారీల సాక్షిగా వెర్రివాణ్ణి చేసినట్టు. వారంలో రాయచోటి బస్టాండులో పెట్టెతో నిలబడాలి. అయినా జైలుకన్నా ఇల్లే నయమనుకుని, చివరికి నిజమే చెబుదామని నోరు తెరిచాడు.

"అది... పేరు, సాబ్."

"ఎవరి పేరు?"

ఎనిమిది మంది మగవాళ్ళు, ఎనిమిది తుపాకులు. గౌస్ పెదవులు రెండుసార్లు కదిలాయి. 'బీ' దాటి మాట ముందుకు పోలేదు. చివరికి దగ్గాడు.

"పేరు!" అఫీసరు అరిచాడు.

గౌస్ మళ్ళీ దగ్గాడు.

అఫీసరు ఇష్తియాక్ వైపు తిరిగాడు. "నువ్వూ హిందీవే, వాడి దేశంవాడివే కదా. ఏం రాసుందో చదువు."

గౌస్ కళ్ళు మూసుకున్నాడు. వీడికెక్కడ తెలుగు? వీడికి చీమల బారు. తెలియదంటాడు, తెలియదన్న తృప్తితో పక్కకు జరుగుతాడు.

ఇష్తియాక్ గౌస్ మొహంలోకి చూశాడు. నాలుగు నెలలుగా లోపల కాగుతున్నదేదో ఒక్కసారిగా పొంగింది.

"బీబీజాన్!" అన్నాడు గట్టిగా. "బీబీజాన్ అని రాసుంది సాబ్! వీడి భార్య పేరు. వీడికొచ్చే ప్రతి ఉత్తరం వెనకా ఉంటుంది. నా బండి మీద కూడా రాశాడు, ఈ గాడిద!"

కుర్ర సిపాయిలు నేల చూపులు చూశారు. అఫీసరు ఆ అక్షరాల మీద నుంచి వేలు చటుక్కున తీసేసి, ప్యాంటుకు తుడుచుకుని, మొహం పక్కకు తిప్పుకున్నాడు. పరాయి ఆడమనిషిని తాకినంత పనైంది పాపం. గూఢచారి ఎవడూ ఇలాంటి సిగ్గుమాలిన అబద్ధం ఆడడని అతనికి నమ్మకం కుదిరినట్టుంది.

"ఐబ్!" అన్నాడు. సిగ్గుచేటు. "చెరిపెయ్యండి. ఇప్పుడే, ఇక్కడే." ఇష్తియాక్ వైపు తిరిగాడు. "నీకు చదవడం వచ్చు. నాలుగు నెలలు ఇంకొకడి ఇల్లాలి పేరు తెలిసి తెలిసి మోసుకు తిరిగావా? వాడికన్నా నీకు ఎక్కువ ఐబ్!"

తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు ఇష్తియాక్. రేకు ముక్క ఒకటి దొరికితే తీసుకుని తన లారీ వైపు నడిచాడు. గౌస్ ఉరికి వచ్చి ఆ రేకు లాక్కున్నాడు.

"ఆ పేరు మీద నీ చెయ్యి పడిందంటే ఇరగ్గొడతా!"

"గీకు మరి! నువ్వే గీకుకో!" ఇష్తియాక్ నోట్లోంచి తెలుగు కట్ట తెంచుకుంది. "నాలుగు నెలలాయె, నా పానం తీస్తున్నవు గదరా! పొద్దుగాల లేస్తే గా పేరే. సీలు తీస్తే గా పేరే. ఎవనితోని చెప్పుకోవాలె నేను?"

గీకుతున్న గౌస్ చెయ్యి ఆగింది. "యాడిదిరా నీకీ తెలుగు? నీ పాతబస్తీ యాడుంది?"

"జనగామల ఉన్నది! ఏడో తరగతి దాక తెలుగు బడే! అయితేంది?"

"మరి గుర్రాలు?"

"జట్కాబండి గుర్రం. ఒక్కటే. నోర్మూసుకొని గీకు!"

రెండు బండ్ల మీదా పేరు గీకడానికి గంట పట్టింది. ఎండలో తెల్ల రంగు లేచిపోయి, కింద రేకు బయటపడింది. ఖతీఫ్ పోయి వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. అది మామూలే.

మామూలు కానిది తర్వాత జరిగింది. ముదీర్ రెండు లారీల వెనకా గీతలు చూసి నిప్పులు కక్కాడు. రాత ఏమైందన్నాడు. నిజం చెబితే గౌస్ పోతాడు. కానీ అసలు సంగతి నాలుగు నెలలుగా తెలిసీ దాచినందుకు ఇష్తియాక్ కూడా పోతాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు అసహ్యంగా చూసుకున్నారు.

"మిలటరీ వాళ్ళు గీకించారు ముదీర్. యుద్ధం కదా" అన్నాడు ఇష్తియాక్. ముదీర్ మిలటరీ మాట వినగానే తగ్గాడు. మళ్ళీ రాయమన్నాడు. గౌస్ ఈసారి అన్ని బండ్ల మీదా పాతది పూర్తిగా కప్పేసి, నిజంగానే 'దూరం పాటించండి' అని రాశాడు.

ముదీర్ జపమాల ఆగింది. "అప్పుడు ఇంత పొడుగు లేదే?"

"యుద్ధం గదా ముదీర్" అన్నాడు గౌస్. "ఇంకొంచెం ఎక్కువ దూరం."

యుద్ధం ముగిసింది. గదిలో యుద్ధం ముగియలేదు, తిట్టుకోవడానికి ఒక భాష పెరిగింది, అంతే. డిపోలో తెలుగువాళ్ళంతా ఉత్తరాలు చదివించుకోవడానికి ఇష్తియాక్ మంచం దగ్గర క్యూ కట్టేలా గౌస్ చూసుకున్నాడు. తొంభై రెండులో గౌస్ సెలవు మీద ఊరికి బయలుదేరుతుంటే, ఇష్తియాక్ గోడ వైపు తిరిగి అన్నాడు: "పేరు జెప్పింది నేనేనని జెప్పు మీ ఇంటామెకు. నీకు నోరు లేదని గూడ జెప్పు."

గౌస్ నిజంగానే చెప్పాడు. నవ్విద్దామని చెప్పాడు. రాయచోటి ఇంట్లో బీబీజాన్ రొట్టెలు చేస్తూ వింది. లారీ సంగతి దగ్గర నవ్వలేదు. ముదీర్ దగ్గర నవ్వలేదు. చెక్‌పోస్టు దగ్గరికొచ్చేసరికి రొట్టెల కర్ర ఆపింది.

"నా పేరుకు దూరంగా ఉండమని అర్థం చెప్పినావా?"

"అది కాదే..."

"తుపాకులు పెట్టి అడిగితే గూడా నీ నోట రాలేదు. ఎవడో జనగామోడు చెప్పినాడు, మిలటరీ ముందర."

"సిగ్గయింది."

"లారీలకు రాస్తే కాలేదా సిగ్గు?" రొట్టెల కర్రతోనే లేచి లోపలికి పోయి గడియ పెట్టుకుంది. "పిలిస్తే తీస్తా."

"గుల్షన్ వాళ్ళమ్మా..."

తలుపు తట్టాడు.

"ఇదిగో... ఏమే..."

గౌస్ దగ్గాడు. లోపల్నుంచి ఏదో గిన్నె తలుపుకు వచ్చి తగిలింది. పెనం మీద రొట్టె మాడిపోతోంది. దాన్ని తీయడానికి అట్లకాడ ఎక్కడుందో అతనికి తెలియదు. కళ్ళు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చి, లారీ హారన్ మోగించినట్టు అరిచాడు.

"బీబీజాన్!"

వీధి మొత్తం వినబడింది. పక్కింటి మదార్బీ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది గౌసన్నా? ఏమైంది బీబీజాన్‌కు?"

గడియ తీసిన చప్పుడైంది.

"ఏం కాలేదులే వదినా" అంది బీబీజాన్, తలుపు సందులోంచి. "నన్ను పిలుస్తాండాడు."